ఉసిరి రసం ముందు ఇంట్లోకి, ఆ తర్వాతే అంగడికి

కార్తీకమాసం వచ్చిందంటే ఉసిరి చెట్టుకు ఎక్కడ లేని మర్యాద జరుగుతుంది. చెట్టు కింద వండుకుని తింటాం. కాయ మీద వత్తి పెట్టి దీపం వెలిగిస్తాం. పౌర్ణమి నాడు వేయిస్తంభాల గుడి ముందు ఎంత చెబితే అంత ఇచ్చి కాయలు కొంటాం. నెల గడిచిందో లేదో ఆ చెట్టు మొహం చూసేవాళ్లుండరు. కాయ రాలిపోయి మేకల పాలవుతుంది. కోతులు మిగిల్చినది ఏదైనా ఉంటే బేరగాడు వచ్చి గంపగుత్తగా అడిగి పోతాడు. ఇంట్లో మాత్రం ఒక జాడీ తొక్కు తప్ప మరేమీ మిగలదు.

రైతు సోదరులారా, ఈ వారం చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పెరట్లోనో, పొలం గట్టునో ఉసిరి చెట్టు ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి సరిపడా రసం తీసి దాచుకోవాలి. అమ్ముకునే సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. మనవాళ్లు చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. కాయను అడిగిన ధరకు అమ్మేసి, ఎండాకాలం రాగానే పిల్లలకు రంగునీళ్ల సీసాలు కొనిపెడుతున్నాం.

నేను కూడా ఈ తప్పు చేసినవాడినే. కొన్నేళ్ల కిందట మా బావమరిది, నేను కలిసి రెండు బస్తాల కాయ ఆటోలో వేసుకుని ఒక మార్కెట్‌కు పోయాం. అదే రోజు అందరి కాయా వచ్చింది. సాయంత్రం దాకా కూర్చుంటే ఆటో కిరాయి, చాయ్ ఖర్చు పోను చేతిలో మిగిలింది చెప్పుకోవడానికే సిగ్గు. ఉసిరికి ఉన్న చిక్కే అది. కాయ అంతా ఒక్కసారి దిగుతుంది. కోసిన వారం పది రోజులకే మచ్చలు పడుతుంది. పచ్చి కాయ నోట్లో వేసుకుంటే వగరు, కాబట్టి జామకాయ మాదిరిగా బస్టాండులో అమ్ముడుపోదు. ఇక ధర ఎవరు నిర్ణయిస్తారో వేరే చెప్పాలా?

ఇంతకూ ఆ కాయలో ఏముందో చూద్దాం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉన్నట్లు రాశారు. 2017లో వచ్చిన కొత్త పట్టికలో అది సుమారు 250 మాత్రమే. రకాన్ని బట్టి, నేలను బట్టి, కొలిచే పద్ధతిని బట్టి లెక్క మారుతుంది. మనం తక్కువ లెక్కనే పట్టుకుందాం. నిమ్మ, బత్తాయి 50 లోపే. జామ ఒక్కటే 200 దాటి ఉసిరికి దగ్గరగా వస్తుంది. మనిషికి రోజుకు కావలసింది మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములని 2020లో లెక్క కట్టారు. అంటే ఒక మోస్తరు కాయ ఒకటి తింటే ఆ రోజుకు సరిపోయినట్లే.

ఆపద వచ్చినప్పుడు ఇలాంటి పుల్లకాయల విలువ చాలా దేశాలకు తెలిసివచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకు నారింజ పళ్ల ఓడలు రావడం తగ్గిపోతే, 1941 నుంచి అక్కడి ఆడవాళ్లు, బడిపిల్లలు పొదల వెంట తిరిగి అడవి గులాబీ కాయలు ఏరారు. ఎర్రగా రేగుపండంత ఉండే ఆ కాయల నుంచి పానకం తీసి చంటిపిల్లలకు చెంచాలతో తాగించారు. లోపల దురద పుట్టించే నూగు ఉంటుంది గనుక రెండుసార్లు వడగట్టాల్సి వచ్చేది. మన దేశంలో 1939-40 హిస్సార్ కరువులో చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు వస్తే దానిని నయం చేయడానికి వాడినది ఈ ఉసిరే. ఆ రోజుల్లో ఉసిరిపై పరిశోధనలు చేసిన కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. అంత గొప్ప సంస్థ మన పక్కనే ఉంది. కాయ మన గట్టు మీదే ఉంది. అయినా సి విటమిన్ బిళ్లలు మెడికల్ షాపులో కొంటున్నాం!

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ. అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మంది. పత్తి ఏరే చేతులు, నాటు వేసే చేతులు ఎవరివో ఆలోచించండి. మనం తినే అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఇనుము లేక కాదు. ఉన్న ఇనుమును పేగులు పట్టుకోలేకపోతున్నాయి. అన్నంతో పాటు సి విటమిన్ ఉన్న పులుపు కాస్త కడుపులోకి పోతే ఆ ఇనుము ఎక్కువగా ఒంటికి పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే అదే ఇనుము చేజారిపోతుంది. ఉసిరి రసం విలువ ఇక్కడ ఉంది. ఆశా అక్క ఇచ్చే ఐరన్ బిళ్లలు మానేసి ఇది తాగమని మాత్రం ఎవరూ అనుకోవద్దు. బిళ్ల బిళ్లే, రసం రసమే.

రంగురంగుల డబ్బాల మీద షుగరు పోతుంది, క్యాన్సరు పోతుంది అని రాసి వందల రూపాయలకు ఉసిరి రసం అమ్ముతున్నారు. నమ్మకండి. ఉసిరిని తిండిగా చూడండి, మందుగా చూడకండి.

ఇక పనిలోకి దిగుదాం. మొదటి అడ్డంకి కాలం. కార్తీక మార్గశిరాల్లో వరి కోత, పత్తి ఏరుడు ఒకేసారి మీద పడతాయి. ఆ రద్దీలో రసం తీయమంటే ఆడవాళ్లు కొట్టడానికి వస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. అందుకే వడ్లు ఇల్లు చేరిన తర్వాత పెట్టుకోండి. తోట రకాలు ముందే అయిపోయినా నాటు కాయ, అడవి కాయ సంక్రాంతి దాటి కూడా దొరుకుతుంది. ఇంకొక మాట. ఈ పేజీ చదివేది మగవాళ్లు, పని చేసేది ఆడవాళ్లు అయితే ఈ రాత దండుగ. కాయ కోయడం, గింజ తీయడం, గుడ్డలో వేసి పిండడం మగవాళ్ల చేతులకే సులువు.

కావలసింది రాతి ఉసిరి. గాడులుండి గుత్తులుగా కాసే రాచ ఉసిరి ఈ పనికి రాదు, దానిలో సి విటమిన్ బహు తక్కువ. కాయ ముదిరి, లేత పసుపు తిరిగి, గట్టిగా ఉండాలి. రాలి దెబ్బ తగిలిన కాయను ఆ పూటే తొక్కుకు వాడండి, రసంలో కలపవద్దు. ఒక్క కుళ్లు కాయ సీసా మొత్తాన్ని పాడు చేస్తుంది.

కాయలు రెండు నీళ్లు మార్చి కడగండి. తుడిచి, స్టీలు కోరుతో కోరండి, లేదా ముక్కలు చేసి రాతి రోట్లో దంచండి. మిక్సీ ఉంటే నీళ్లు పోయకుండా ఆపి ఆపి తిప్పండి. రాగి, ఇత్తడి, ఇనుము దగ్గరికి రానివ్వవద్దు. ఇనుము తగిలితే రసం నల్లబడుతుంది, రాగి తగిలితే సి విటమిన్ వేగంగా నశిస్తుంది. మన కత్తిపీటలు చాలావరకు ఇనుపవే, గమనించండి. కోరిన తురుమును పలుచని తెల్లగుడ్డలో మూటకట్టి పిండితే కిలో కాయకు సుమారు అర లీటరు, నాటు కాయ అయితే ఇంకాస్త తక్కువ రసం వస్తుంది. మూత పెట్టి మూడు నాలుగు గంటలు కదల్చకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పై తేట మెల్లగా వంపుకోవాలి.

ఆ తేట రసాన్ని స్టీలు గిన్నెలో సన్న సెగ మీద పెట్టండి. అంచుల వెంట చిన్న బుడగలు లేచి, ఆవిరి బాగా వస్తున్నప్పుడు దించేయాలి. కుతకుత ఉడకనిస్తే మిగిలేది పులుపే. ఈలోపు గాజు సీసాలను చన్నీళ్లలో పెట్టి నీళ్లు మరిగించి, పావుగంట మరగనిచ్చి సిద్ధంగా ఉంచుకోవాలి. వేడి సీసాలో వేడి రసం, మూతికి రెండు వేళ్ల ఖాళీ ఉంచి పోయండి. మూత బిగించి, అడుగున గుడ్డ పరచిన పెద్ద గంజులో సీసాలను నిలబెట్టి, మెడ దాకా వేడినీళ్లు పోసి అరగంట మరగనివ్వండి. తీసిన సీసాను చల్లని గచ్చు మీద పెడితే టక్కున పగులుతుంది. చెక్క మీదనో, గోనె మీదనో పెట్టాలి. ఆరాక పాత పేపరు చుట్టి, వెలుతురు తగలని అర్రలో ఉంచండి. వెలుతురు, గాలి, వేడి, ఈ మూడూ సి విటమిన్‌కు శత్రువులు.

ఇలా దాచిన ఉత్త రసం మూత తీశాక నాలుగైదు రోజుల్లో అయిపోవాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో రెండు రోజులే. అందుకే చిన్న సీసాలు మేలు. బెల్టు షాపుల వెనుక గాజు సీసాలు కుప్పలు పడి ఉంటున్నాయి గదా అనిపించవచ్చు. సీసా కడుక్కోవచ్చు, కానీ ఒకసారి తిప్పి తీసిన ఆ రేకు మూత మళ్లీ గాలి చొరకుండా పట్టదు. సీసాకు వెనుకాడకండి గానీ మూత మాత్రం కొత్తది కొనండి.

ఎంత చేసుకోవాలన్నది ఒక లెక్క. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చిన్న చెంచాలు, నీళ్లలోనో మజ్జిగలోనో కలిపి అన్నంతో పాటు తీసుకుంటే రోజుకు 100 మిల్లీలీటర్లు. నూరు రోజులకు 10 లీటర్లు. దానికి పాతిక కిలోల లోపు కాయ చాలు. బాగా ఎదిగిన ఒక్క చెట్టు అంతకు రెట్టింపు ఇస్తుంది. చలికాలం మూడు నెలలు పచ్చి కాయే దొరుకుతుంది కాబట్టి, దాచుకున్న రసం ఎండాకాలానికి, బడులు తెరిచేదాకా వస్తుంది.

ఉత్త రసం వగరుగా ఉంది, పిల్లలు తాగరు అంటే పానకం చేయాలి. ఇందులో చక్కెరే కాపలాదారు. లీటరు రసానికి పావు తక్కువ రెండు కిలోల చక్కెర పోసి, కరిగేదాకా మాత్రమే వేడి చేసి సీసాల్లో నింపితే మందు ఏమీ కలపకుండానే నెలల తరబడి ఆగుతుంది. చక్కెరకే డెబ్బై, ఎనభై రూపాయలు అవుతుంది, నిజమే. తక్కువ చక్కెరతో స్క్వాష్ చేయాలంటే లీటరు రసానికి కిలోన్నర చక్కెర, లీటరు నీళ్లు. అప్పుడు పొటాషియం మెటాబైసల్ఫైట్ తప్పనిసరి. మొత్తం మూడున్నర కిలోల స్క్వాష్‌కు రెండు గ్రాములు, అంతకు మించకూడదు. ఆహార పదార్థాల్లో వాడే రకమే కొని, చిన్న తూకం మీద తూచి, చల్లారిన స్క్వాష్‌లో కొద్ది నీళ్లతో కరిగించి కలపాలి. చిటికెడు, గుప్పెడు లెక్కలు పనికిరావు. ఉబ్బసం ఉన్నవారికి ఇది పడకపోవచ్చు, వారికి వేరే సీసా పెట్టండి. షుగరు జబ్బు ఉన్నవారికి పానకం వద్దు, ఉత్త రసమే. కిడ్నీలో రాళ్లున్నవారు డాక్టరును అడిగాకే తాగాలి.

చక్కెర దగ్గర పిసినారితనం చేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. మొదటి ఏడు లీటరుకు కిలో చక్కెర చాలులే అనుకుని, మందూ వేయక, పన్నెండు సీసాలు నింపి అటక మీద పెట్టాను. మాఘమాసం పోయి ఎండ ముదిరాక ఒక రాత్రి టప్పుమని చప్పుడు. దొంగలేమో అని లేచి చూస్తే గోడ మీద నుంచి పానకం కారుతోంది. అర్ధగంటలో రెండోది పేలింది. లోపల పులిసి గాలి పట్టిందన్నమాట. తెల్లవారేసరికి ఇల్లంతా చీమలు. "ఇగ చాలు తియ్యి నీ ప్రయోగాలు, పేపర్ల రాసుకో గని ఇంట్ల చెయ్యకు" అంది మా ఇంటామె. మరుసటి ఏడు తనే కొలత ప్రకారం చేసింది, ఒక్క సీసా కూడా చెడలేదు. సీసా మూత ఉబ్బినా, నురుగు కనిపించినా, సారా వాసన వచ్చినా పారబోయండి. మరిగించి వాడదామనే ఆలోచన పెట్టుకోవద్దు.

బెల్లం వేయవచ్చా అని అడుగుతారు. ఆ పూటకు తాగేదానికి వేసుకోండి, రుచి బాగుంటుంది. దాచేదానికి వద్దు. బెల్లంలో మలినాలుంటాయి, రసం నల్లబడి త్వరగా పులుస్తుంది.

చక్కెర కూడా కొనలేని ఇంటికి ఉప్పు ఉంది. లీటరు నీళ్లలో 150 గ్రాముల ఉప్పు వేసి మరిగించి చల్లార్చి, జాడీలో కాయలు మునిగేలా పోసి, పైన కడిగిన రాయి బరువు పెట్టాలి. నెల రోజులకు వగరు చచ్చి కాయ మెత్తబడుతుంది. కాయలోని సారం కొంత నీళ్లలోకి దిగుతుంది గనుక ఆ నీళ్లు పారబోయక మజ్జిగలో రెండు చెంచాలు కలుపుకోండి. బీపీ ఉన్నవారు దూరంగా ఉండాలి. ఎండలో ఒరుగు చేసి దాచే పద్ధతి కూడా మన దగ్గర ఉంది. వేసేవాళ్లు నీడలో, గాలి పారేచోట ఆరబెట్టుకోండి. మండుటెండలో ఎండితే నిలవ ఉంటుంది కానీ సి విటమిన్‌లో చాలా భాగం పోతుంది.

ఉసిరి చెట్టు లేని రైతుకు పుంటికూర ఉంది. ఎర్ర పుంటికూర కాయ చుట్టూ ఉండే కండగల ఎర్ర రెక్కలను ఒలిచి నీళ్లలో మరిగించి వడగడితే చక్కని ఎర్ర రసం వస్తుంది. ఉసిరి అంత సి విటమిన్ ఉండదు గానీ పులుపు, రంగు పిల్లలకు నచ్చుతాయి. దీనికి పైన చెప్పిన మెటాబైసల్ఫైట్ వేస్తే రంగు వెలిసిపోతుంది. చక్కెర ఎక్కువ పోసి పానకమే చేయండి.

అమ్మకం సంగతి చివరికి పెట్టాను, కావాలనే. ఎవరో వచ్చి "ఉసిరి తోట వేయండి, జ్యూసు ఫ్యాక్టరీలు ఎగబడి కొంటాయి" అంటే వెంటనే నమ్మవద్దు. ఫైజాబాదు నుంచి వచ్చిన ఎన్.ఏ.-7, కృష్ణ, కాంచన్ వంటివి మంచి రకాలే, బీడు నేలలో కూడా బతుకుతాయి. ఒక్క రకమే నాటితే పూత నిలవదు, కనీసం రెండు రకాలు కలిపి నాటాలి. కానీ చెట్టు కాపు కాసినంత మాత్రాన కొనేవాడు పుట్టుకురాడు. ఉసిరి తోటలు వేసి, కొనేవాడు లేక గొడ్డలి పెట్టిన రైతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కొనేవాడు ఎవరో తేలకుండా ఎకరం మీద ఎకరం పెట్టడం నా దృష్టిలో జూదమే. గట్టు మీద రెండు, పెరట్లో ఒకటి చాలు.

ఇంటికి పోను మిగిలిన కాయతో నలుగురు అక్కలు కలిసి రసం చేసి అమ్ముదామనుకుంటే తప్పేమీ లేదు. అయితే పద్ధతి ప్రకారం చేయాలి. వెనుకటి ఎఫ్.పి.ఓ. గుర్తు 1955 నాటి ఆర్డరుతో వచ్చింది, 2011లో పోయింది. ఇప్పుడు 2006 చట్టం కింద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చిన్న అమ్మకందారుకూ ఉండాలి. స్క్వాష్ అని పేరు పెడితే అందులో రసం కనీసం నాలుగో వంతు ఉండాలి, నీళ్లు, రంగు పోసి ఆ పేరు పెట్టడం మోసం. మొదటిసారి చేసేవాళ్లు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మానుకోట దిక్కువాళ్లు మల్యాల కేంద్రంలోనో కొలతలు చూపించుకుని మొదలుపెట్టండి. మండలానికి ఒక గుజ్జు మిషను, ఒక సీసాలు మరిగించే తొట్టి మహిళా సంఘాల చేతిలో పెడితే రైతు కాయను అగ్గువకు తెగనమ్మే అవసరం తగ్గుతుంది. పెద్ద ఫ్యాక్టరీ వస్తుందని ఎదురుచూసే కన్నా ఇది నయమని నా అభిప్రాయం. అధికారులు ఆలోచించాలి.

పాకాల అడవి దిక్కు, ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు కాయ తెచ్చేవాళ్లకు ఒక మనవి. ఎక్కడం కష్టమని కొమ్మలు నరికి కాయ దులుపుతున్నారు. ఆ కొమ్మ మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కింద గోనెలు పరచి, వెదురు దోటితో అందినంత కోయండి. పిట్టలకు, జింకలకు కాస్త ఉంచండి, గింజను అడవిలో చల్లేవి అవే.

పిండగా మిగిలిన పిప్పిని పారేయకండి. ఉప్పు, వాము కలిపి నీడలో ఎండబెడితే అన్నం తిన్నాక నోట్లో వేసుకోవడానికి పనికొస్తుంది. సీసా మీద చేసిన తేదీ రాసి అంటించండి, లేకుంటే ఏది నిరుటిదో, ఏది ఈ ఏటిదో ఎండాకాలానికి ఎవరికీ గుర్తుండదు.